కుచందనము



మొన్న ఒక రాత్రి భోజనములైన పిమ్మట మా పెద్దపిల్ల తండ్రియొద్ద కూర్చుండి వృక్షశాస్త్రగ్రంథ మొకటి పైకి చదువుచుండెను. మేము వంటయింటి గడపయొద్ద మఱునాటి కూరకు చిక్కుడుకాయల నార తీయుచు వినుచుంటిమి. పసిఫిక్ మహాసముద్రమధ్యమున పాలినీషియా యను దీవులు కలవట. ఆ దీవులయందు ఫిచియా యను చెట్ల తెగ యొకటి కలదట. మన పెరటి చామంతికిని, పొద్దుతిరుగుడు పూవునకును అది దాయాది. ఇక్కడ మోకాలెత్తు మొక్కగా నున్న చామంతి వంశము అక్కడ మ్రానై పెరిగి, కొమ్మలకొనలయందు తలవాల్చిన పెద్దపూలు పూయునట. 1845వ సంవత్సరమున హుకరను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు, తన గ్రంథములకు పూలబొమ్మలు వ్రాసి యిచ్చుచుండిన ఫిచ్ అను చిత్రకారుని పేర దానికి నామకరణము చేసెనట. ఆ తెగలోని జాతులన్నియు ఆ దీవుల సొత్తే. కొన్ని జాతులు ఒక్క దీవికే పరిమితములు. సముద్రము దాటి మఱి యే నేలయందును అవి తమంతట మొలవవు.

చామంతిపూలు నిచ్చెన వేసికొని కోయవలసిన దేశముకూడ కలదా యని మేము నవ్వుకొంటిమి. మా పిల్ల మాత్రము నవ్వలేదు. "నాయనా, ఆ దీవులవారికివలె మనకు మాత్రమే యున్న చెట్టు ఏదియు లేదా?" యని యడిగెను.

"లేకేమి? ఆ చెట్టు ముక్కలు రెండు మీ అమ్మ పెట్టెలో నున్నవి, పోయి చూడు" మని మా వారనిరి.

మా చేతిలోని చిక్కుడుకాయ చేతిలోనే నిలిచిపోయినది. ఆ మాటకు మా మనస్సు చివుక్కుమనుటకు కారణము మా పిల్ల యెఱుగదు. మా వా రెఱుగుదురు. ఆ కారణమును వ్రాయుటకే యీ కాగితము పట్టితిమి.

పెట్టెలోనివి ఎఱ్ఱచందనపు బొమ్మలు. రాజు, రాణి యందురు. జానెడెత్తు జంట. తిరుపతియందు దొరకుటచేత తిరుపతి బొమ్మలనియు వాడుక. అరవసీమలో వీనినే మరపాచి బొమ్మలందురు. పెండ్లిలో పుట్టినింటివారు పిల్లకు పసుపుకుంకుమలతో పాటు ఇచ్చి పంపుదురు. దసరా కొలువునకు అందఱికంటె ముందుగా పైమెట్టున కూర్చుండు హక్కు వీరిదే. మా జంట క్రొత్తది కాదు. మా అవ్వ పెండ్లికి వచ్చి, ఆమెనుండి మా అమ్మకును, అమ్మనుండి మాకును సంక్రమించినది. రాణి వీపు సానరాతిమీద అరగి అరగి పలకవలె చదునై యున్నది. పసిపిల్లకు సెగగడ్డ లేచినను, పురుగు ముట్టినను, రాణిని దీసి రెండు నీటిచుక్కలతో గంధము దీసి పట్టు వేయుట మా యింటి యాచారము. వైద్యు లేమందురో గాని, చల్లగా నుండుటమాత్రము మేమెఱుగుదుము. రాజు నెవరును అరగదీయలేదు. చిన్నతనమున ఆ సంగతి అవ్వ నడుగగా, "మగవాడు ఎక్కడైన అరుగునటే?" యని యామె నవ్వినది.

మేము బడికి పోయినవారము కాము. మా తాతగారు ఇంటనే మాకు అమరమును, భాగవతమును, కొన్ని కావ్యములను చెప్పిరి. అమరము వల్లించుచు మనుష్యవర్గమునకు వచ్చినప్పుడు రక్తచందనమునకు గల పర్యాయపదములలో కుచందన మను మాట తగిలినది. 'కు' అనగా చెడ్డదని, కొఱగానిదని మాకప్పటికే తెలియును. అనగా మా రాణి చెడ్డచందనమా? ఏడ్చితిమి. తాతగారు లేచి, బిందెడు నీరు తెప్పించి, మంచిగంధపు చెక్కను రాణిని రెంటిని అందు వదలిరి. మంచిగంధము తేలినది. రాణి సరాసరి అడుగునకు పోయి కూర్చున్నది. "దీనికి వాసన లేదు. కావున ముక్కుతో తూచినవాడు ఆ పేరు పెట్టెను. చేవను తూచియుండిన మఱియొక పేరు పెట్టియుండును" అనిరి. బిందెలో చేయి పెట్టి రాణిని పైకి తీసినప్పటి చల్లదనము మాకిప్పటికిని జ్ఞాపకము.

ఇంత ముద్దుగా చూచుకొన్నను, చెట్టును మేము ముప్పదియేండ్లు దాటువఱకు కన్నులార చూడలేదనుట సిగ్గుచేటు. మా పలమనేరు ఆ చెట్టు సీమ కాదు. చిత్తూరునుండి మొగిలిఘాటు ఎక్కి వచ్చిన మెట్టనేల యిది. గాలి చల్లన. పరిసరపు కౌండిన్య యభయారణ్యమున ఏనుగులు గలవు గాని ఎఱ్ఱచందనము ప్రసిద్ధి గాదు. మా యూరి ప్రసిద్ధి మట్టిది. ఇక్కడి కుమ్మరుల మట్టిబొమ్మలు, కుండలు దూరదేశములకు పోవును. ఎఱ్ఱచందనము నివాసము శేషాచలము, పాలకొండలు, వెలికొండలు, లంకమల, నల్లమల దక్షిణపు కొస. చిత్తూరు, కడప, నెల్లూరు, కర్నూలు సీమలలోని ఈ కొండలయందు, వాని నంటియున్న పొరుగు రాష్ట్రముల అంచులలో కొద్దికొద్దిగా. అంతే. లోకమంత వెదకినను అడవిలో తనంతట మొలచిన చెట్టు మఱెక్కడను లేదు.

మొన్నటి యేడు చైత్రమాసమున తలకోనకు పోవుచు పుంగనూరు, పీలేరు మీదుగా భాకరాపేట కనుమలోనికి వచ్చినప్పుడు మా వారు బండి నాపించి చూపిరి. చూడగనే మాకు కలిగినది ఆశాభంగము. అంతటి పేరుగల చెట్టు మేడవలె నుండునని యూహించితిమి. సన్నని నిటారు మ్రాను. నల్లని బెరడు మొసలిచర్మమువలె నలుచదరపు పెచ్చులుగా పగిలియున్నది. ఆకులు రాలి యున్నవి. అక్కడక్కడ మిగిలిన ఆకులు మూడేసి రేకులుగా గుండ్రముగా నున్నవి. కాని కొమ్మలనిండ పూలు! అవియు ఎఱ్ఱనివి కావు. పసుపుపచ్చనివి, చిన్నవి, గుత్తులుగా. ఇది చిక్కుడు కుటుంబము వృక్షము. పూవును దగ్గఱకు పట్టిచూచిన చిక్కుడుపూవు పోలిక తెలియును. కాయ మాత్రము చిక్కుడువలె గాక, నడుమ గింజ, చుట్టు పల్చని ఱెక్క గల బిళ్ళ. గాలికి ఎగిరిపోవుటకు ఆ యేర్పాటు. ఇంతగా ఎగురగల గింజను పెట్టుకొనియు ఈ కొండలను దాటిపోని చెట్టిది.

దాని యన్నదమ్ములు అట్లు కారు. వేగిసచెట్టు దీని తోడి జాతియే. వేగిసకఱ్ఱ లోటాలలో రాత్రి నీరు పోసి ప్రొద్దున త్రాగు మధుమేహరోగులను మీరును చూచియుందురు. అది దేశమంతట అడవులలో దొరకును. ఈ తెగ ఆఫ్రికా, అమెరికా ఖండముల ఉష్ణదేశములలోను గలదు. ఫిచియా తెగ సంపూర్ణముగా దీవులకు బద్ధమైనట్లు కాక, ఇక్కడ లోకమంత తిరిగిన వంశములో ఒక్కతె మాత్రము పుట్టినింటనే యుండిపోయినది. ఎందులకు? కఠినమైన పలుగురాళ్ళ నేల, మండుటెండ, నీరు నిలువని వాలు, నైరృతి యీశాన్యముల రెండు వానలు. మఱియొక చెట్టునకు గిట్టని యీ కాపురము దీనికి అలవాటైనది. సముద్రము చుట్టియున్నది మాత్రమే దీవి గాదు. చుట్టును మెత్తని నేల యుండి నడుమ రాతికొండ యున్న, అదియు దీవియే యని మా వారు పిల్లకు చెప్పిరి. నాటి పెంచిన యితరస్థలములలో చెట్టు పెరుగును. కాని ఎఱ్ఱని చేవ పట్టుటకు దశాబ్దములు పట్టును. బయటనున్న తెల్లకఱ్ఱకు వెల లేదు. లోపలి చేవకే యీ గొడవయంతయు.

ఆ చేవకొఱకు దేశదేశములవారు వచ్చిరి. మధ్యయుగములందు ఐరోపాలోని ధనవంతుల వంటయిండ్లలో పులుసులకు ఎఱ్ఱరంగు తెచ్చుటకు దీని పొడి వేసెడివారట. మనము చింతపండు పులుసునకు పసుపు వేసినట్లు, వారు మన కొండకఱ్ఱను వేసికొనిరి! చీనాదేశపు చక్రవర్తుల కాలమున అంతఃపురపు పీటలు, పెట్టెలు దీనితో చేయించిరి. జపానువారు షామిసెన్ అను మూడుతంత్రుల వాద్యమునకు మెడను చేయుటలో దీనినే శ్రేష్ఠముగా నెంతురు. ఇన్ని గౌరవములు పొందినది కుచందనము. ఫలితముగా కొండలు బోడులైనవి. 1995నుండి అంతర్జాతీయ వర్తక నిబంధనలలో దీనిని చేర్చిరి. 2010లో శేషాచలమును జీవావరణరక్షితప్రదేశముగా ప్రకటించిరి. అయినను గొడ్డలి యాగలేదు. 2015 ఏప్రిల్ 7వ తేదీన శేషాచలపు టడవులలో కాపలాదళపు కాల్పులలో 20 మంది కూలీలు మరణించిరి. వారు తమిళనాటి కొండపల్లెలనుండి కూలికి వచ్చినవారు. ఆ నాడు పత్రికలో దుంగల ప్రక్కన వరుసగా పడియున్న శవముల పటము చూచి మేము అన్నము తినలేకపోతిమి. దుంగ కొన్నవాడు ఆ పటములో లేడు. అతడు ఏ పటమునను ఉండడు.

ఇంతవఱకు వ్రాయుట సులభము. ఇక కష్టమైనది.

క్రిందటి యేడు మా చెల్లెలి పెండ్లి నిశ్చయమైనది. అమ్మ పోయినది గనుక ఇచ్చిపంపవలసినవారము మేము. మా జంట మాకే యున్నది. దానికి జంట కావలెను. తిరుపతిలో విచారింపగా, అనుమతిగల కఱ్ఱతో చేసిన బొమ్మలు కలవు గాని వెల మా అయివారి జీతమునకు అందునది కాదు. ఈ సంగతి ఒకనాటి ప్రొద్దున పాలు పోయు ఆమెతో మాటవరుసకు అంటిమి. ఆమె చిన్నకొడుకు మా వారియొద్ద పదవతరగతి చదివి, పరీక్ష తప్పి, ఊరక తిరుగుచుండెను. 2021లో 'పుష్ప' యను చలనచిత్రము వచ్చినది గదా. దుంగల దొంగయే కథానాయకుడు. ఆ తరువాత పాఠశాలలో మగపిల్లలందఱును ఒక భుజము పైకెత్తి నడచుట, గడ్డము క్రింద చేయి త్రిప్పుట మొదలుపెట్టిరని మా వారు చెప్పి నవ్వెడివారు. మేమును నవ్వితిమి. ఈ పిల్లవాడును అట్లు నడచినవాడే. చక్కని పిల్లవాడు. వేమనపద్యములు తప్పులేకుండ చదివెడివాడు.

పది దినములు గడచిన పిదప చీకటిపడువేళ వాడు పెరటివాకిట వచ్చి, గోనెపట్టాలో చుట్టిన మూరెడు ముక్కను గడపమీద పెట్టి, "అయివారమ్మా, బొమ్మలకి సరిపోతాదా?" యనెను. విప్పి చూచితిమి. లోన రక్తపు గడ్డవలె నున్నది. "ఎక్కడిదిరా?" యని యడిగితిమి. వాడు నేల చూచెను. అడిగిన మాటకు ప్రత్యుత్తరము మేము ముందే యెఱుగుదుము. ఎఱిగియు అడిగితిమి, అడిగియు తీసికొంటిమి. వాడు చెప్పిన వెల స్వల్పము. పాలలెక్కలో కలుపుమని చెప్పి పోయెను.

మూడు దినములు ఆ ముక్క బియ్యపు డబ్బాలో నుండెను. మూడు పూటలు బియ్యము కొలిచినప్పుడెల్ల చేతికి తగిలెను. మేము మనస్సునకు చెప్పుకొన్న సాకులు వినుడు. మంగళకార్యము గదా. మనమేమి లారీలు నింపుచున్నామా? వాడు తెచ్చినదేమో చెట్టునుండి ఎప్పుడో ఊడినది గావచ్చును. మన కొండ చెట్టునకు మనకంటె హక్కుగలవా రెవరు? అమరకోశము చదివినవారికి సాకులకు కొదువయుండదు. నాలవనాడు మా వారితో చెప్పితిమి. కోపించెదరని భయపడితిమి. కోపింపలేదు. చాలసేపు ఊరకుండి, "ఎవరు తెచ్చిరి?" అని మాత్రమడిగిరి. పేరు చెప్పగా లేచి వీధిలోనికి పోయిరి. ఆ రాత్రి భోజనమునకు రాలేదు.

అనుమతిపత్రము లేని ఎఱ్ఱచందనమును ఇంట నుంచుకొనుటయే నేరము. తిరిగి యిచ్చిన పిల్లవానికి ముప్పు, అధికారులకు అప్పగించిన పిల్లవాని పేరు చెప్పవలెను. మా వారు మఱునాడు వానిని పిలిపించి, ముక్కను చూపి, ఏమేమో చెప్పిరి. వాడు ఏడ్చెను. కడకు వానిని వెంటబెట్టుకొని తామే పోయి అప్పగించిరి. ఏమి వ్రాయించిరో, ఎట్లు చెప్పిరో మాకు చెప్పలేదు. మేమును అడుగలేదు. వాడింటికి తిరిగి వచ్చెను. గండము గడచినదని తలంచితిమి.

రెండు మాసములైన తరువాత వాడు దుంగలు మోయుచు అడవి అంచున పట్టుబడెను. వానితో నున్నవారు ఆఱుగురు. దుంగలు కొనువాడు అక్కడను లేడు.

ఆ ప్రొద్దున పాలామె వచ్చి చెంబు క్రింద పెట్టి, గడపలో కూలబడి, "అయివారమ్మా, ఆ ముక్క తెచ్చినప్పుడే రెండు పీకి పంపింటే బాగుండె గదమ్మా. నువ్వు తీసుకుంటివి గదా, ఇది తప్పు గాదేమో అనుకున్యాడు" అనినది. నిష్ఠురమాడుటకు ఆమె ఆ మాట అనలేదు. జరిగినది చెప్పినట్లు చెప్పినది. మేమేమనగలము? కొంగు నోట కుక్కుకొని నిలుచుంటిమి. ఆ నాటివఱకు, దుంగ కొన్నవాడు ఏ పటమునను ఉండడని మేము ఊరక అనుచుంటిమి గదా.

వాడు ఆ త్రోవను మా వలననే పట్టెనో, ముందే పట్టియుండెనో మాకు తెలియదు. ముందే యని మా వారందురు. మూరెడు ముక్క చేతికి వచ్చినదనగా దుంగలవారి పొత్తు అప్పటికే కలిగి యుండవలె గదా. అది మా యూఱట కొఱకు అను మాటయని మేమనుకొందుము.

మా చెల్లెలి పెండ్లికి మా యూరి కుమ్మరిచేత మట్టితో రాజును రాణిని చేయించితిమి. చక్కగా కాల్చి, కావిరంగు పూసి యిచ్చెను. చెల్లెలు చూచి, "అక్కా, వీరిని అరగదీయుటకు లేదు గదా" యనెను. పసిబిడ్డలకు సెగగడ్డ లేచిన మా యింటికి రమ్మంటిమి. మా రాణికి ఇంకను కొంత వీపున్నది.

మా వారు అటవీశాఖవారి నర్సరీనుండి ఎఱ్ఱచందనపు మొక్క నొకటి కొని తెచ్చి పెరటిలో నాటిరి. సొంత నేలలో పెంచుకొనుట తప్పు కాదు. ఇప్పుడు మా పిల్ల నడుమెత్తు ఉన్నది, మూడేసి రేకుల యాకులతో. మేకల బెడద యెక్కువ. ఒకమాఱు చిగురంతయు కొఱికిపోయినవి. పాలామె చూచి, మఱునాడు కంపచెట్ల కొమ్మలు మోపు మోసికొని వచ్చి తానే చుట్టును కంచె కట్టిపోయినది. కూలి యియ్యబోగా పుచ్చుకొనలేదు. మా యింట పాలు పోయుట మానలేదు. ఆమె ముఖము చూచినప్పుడు తలవంచుకొనుట మేమును మానలేదు.

పాలినీషియా దీవుల కథ చదివిన ఆ రాత్రి, పిల్ల పెట్టె తెఱచి బొమ్మలను తెచ్చి దీపముక్రింద పెట్టి, "ఇది మొలచిన కొండ యేదమ్మా?" యని యడిగినది. శేషాచలమని చెప్పితిమి. "ఆ చెట్టు ఇంకను ఉన్నదా?" యనినది. బొమ్మ కావలెనన్న చెట్టు ఉండదని చెప్పవలసి వచ్చినది. అది కొంతసేపు ఆలోచించి, రాణిని తిరిగి పట్టుగుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టినది. రాజును మఱచినది. ప్రొద్దున మేము తీసి పెట్టితిమి.

పిల్లవాడు జామీనుమీద బయట నున్నాడు. వానిచేత మా వారు సాయంకాలములందు తప్పిన పరీక్షకు పాఠములు చదివించుచున్నారు. వాడు పెరటివాకిటినుండి రాడు. వీధిగుమ్మమునుండి వచ్చి అరుగుమీద కూర్చుండును. మేము మజ్జిగ ఇచ్చినప్పుడు రెండు చేతులతో పుచ్చుకొనును. ముఖము చూడడు. వచ్చు శుక్రవారము వాయిదా. మా వారు సెలవు పెట్టినారు. తెల్లవాఱుజామున మొదటి బస్సునకు వాడును, వాని తల్లియు, మా వారును పోవుదురు. ముగ్గురికిని పెరుగన్నము కట్టి యియ్యవలెను.